దోనెలో కూర్చున్నవాళ్ళలో ఎవరు?

కొల్లేటికోట రేవులో సుందరమ్మ ముఖం తిప్పుకుని దోనె తోసుకుంటూ వెళ్ళిపోయిన చోట మనం నాజియాను వదిలాం. ఆమె చేతిలో బురద పట్టిన వల ముక్క ఒకటి మిగిలింది. చెవుల్లో ఒక మాట మిగిలింది.

"నా దోనెలో కూర్చున్నవాళ్ళలో ఎవరో ఒకరమ్మా. నీళ్ళు చెప్పవు, పిట్టలు చెప్పవు. ఎవరో నువ్వే తేల్చు."

ఈ వారమే చదవడం మొదలుపెట్టిన వాళ్ళకు నాలుగు ముక్కలు చెప్పాలి. ఏలూరు తంగెళ్ళమూడిలో తివాచీలు నేసే ఇంటి పిల్ల నాజియా. విజయవాడలో డిజైన్ చదువుతోంది, ఆఖరి ఏడు. తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల వ్యాపారి వీరరాఘవులు గారి అమ్మాయి సుష్మిత ఆమె క్లాస్‌మేటు. ఇద్దరూ కలిసి చదువు చివర్లో ఇవ్వాల్సిన పనిగా ఒక చిన్న గైడు తలపెట్టారు. ఈ చుట్టుపక్కల ఒక మనిషి ఒక పూట ఖాళీగా ఉంటే ఏమేం చెయ్యొచ్చో చెప్పే గైడు. గుళ్ళూ గోపురాల జాబితా కాదు. ఏలూరులో మగ్గం ముందు కూర్చుని తివాచీకి ఒక ముడి వెయ్యడం, గూడెం మార్కెట్లో తెల్లారగట్ల ఉల్లి వేలం చూడటం, కొల్లేట్లో దోనె ఎక్కి ఒక గంట నోరు మెదపకుండా కూర్చోవడం. ఇలాంటివి. అన్నీ ఇంకా ఆలోచనలే. మడతల పటంగా చెయ్యాలా, పేకముక్కల్లాంటి కార్డులుగా చెయ్యాలా అన్నది కూడా తేలలేదు. "గదిలో కూర్చుని గీసింది గదిలోనే పనికొస్తుంది. మనుషుల్ని తీసుకెళ్ళి చేయించి చూడండి" అన్నారు టీచరు ప్రసన్నకుమారి గారు.

అలా వెళ్ళారు. దోనె తోసింది సుందరమ్మ. ఎక్కింది నాజియా, సుష్మిత, వీరరాఘవులు గారు, నాజియా అన్న సల్మాన్. కిక్కిస పొదల వెనక, బయటివాళ్ళెవరికీ చూపించని మడుగు ఒకటి చూపించింది సుందరమ్మ. పరజ బాతులు, నీటికోళ్ళు నీళ్ళు కనపడకుండా వాలి ఉన్నాయి. దారి ఎవరికీ చెప్పబోమని అందరిచేతా మాట తీసుకుంది. కొద్దిరోజులకే ఆ మడుగు చుట్టూ పిట్టల వలలు లేచాయి. చిక్కిన పిట్టల్ని విడిపించడానికి దిగిన సుందరమ్మ తమ్ముడు అబ్బాయిరాజు, చేతిలో పరజతో అటవీశాఖ వాళ్ళకు దొరికిపోయాడు. విడిపిస్తున్నానంటే నమ్మేదెవరు? విచారణ తేలేదాకా అతను వాళ్ళ దగ్గరే ఉన్నాడు.

ఇదీ సంగతి. ఇక నాజియా వెంట మనమూ గూడెం రైలు ఎక్కుదాం.

పాసింజరు భీమడోలు దాటింది. కిటికీ పక్కన కూర్చున్న నాజియా ఒళ్ళో సంచీ పెట్టుకుని, దాని మీద రెండు చేతులూ పెట్టుకుని ఉంది. సంచీలో ప్లాస్టిక్ కవరు, కవరులో వల ముక్క. ఎదుటి సీటు ఆవిడ రెండుసార్లు ముక్కు ఎగబీల్చి, "చేపలాండీ?" అని అడిగింది. "కాదండీ" అని తల తిప్పుకుంది నాజియా.

ఆమె మనసు దోనెలోనే ఉంది. ఆ రోజును ముందుకీ వెనక్కీ తిప్పి చూసుకుంటోంది. సుష్మిత ఎన్నిసార్లు ఫోను తీసింది? వద్దని సుందరమ్మ చెప్పినా తీసింది. వీరరాఘవులు గారు ఎన్ని ప్రశ్నలు వేశారు! "ఏవమ్మా, ఇక్కడికి దోనె లేకుండా రావచ్చా? గట్టు మీంచి దారుందా? ఏ నెలదాకా ఉంటాయి ఈ పిట్టలు?" అప్పుడు ముచ్చటగా అనిపించిన ప్రశ్నలు ఇప్పుడు ఒక్కొక్కటీ పళ్ళ సందున ఇరుక్కున్న ముల్లులా ఉన్నాయి. ఉల్లి లారీలు ఎక్కడెక్కడికో వెళతాయి. పిట్ట మాంసం కొనే ఏ ధాబాల వాళ్ళతోనో ఆయనకు స్నేహం ఉండకపోతుందా?

అన్నిటికన్నా పెద్ద ముల్లు మరొకటుంది. వలల సంగతి చెబుదామని నాజియా ఫోన్ చేసినప్పుడు, ఆమె ఇంకా నోరు తెరవకముందే సుష్మిత అన్న మాట. "నాజీ, ఆ కొల్లేటి కార్డు మనం తీసేద్దామే." ఎందుకని అడిగితే, "ఊరికే" అంది.

ఊరికే ఎవరంటారు అలాగ?

సల్మాన్ గురించి ఆమె ఆలోచించలేదు. అన్న గురించి ఆలోచించడమేమిటి?

వీరరాఘవులు గారి ఇల్లు మార్కెట్ వెనక వీధిలో, కింద గోదాము, పైన కాపురం. మెట్లెక్కుతుంటేనే ఉల్లి పొట్టు గాలికి లేచి కాళ్ళకు చుట్టుకుంది. తలుపు తీసింది సుష్మిత తల్లి పరమేశ్వరి. మోకాళ్ళ నొప్పులు ఆవిడకు. ఒక చెయ్యి గోడకు ఆనించుకునే నడుస్తుంది.

"రా తల్లీ నాజియా! ఎండన పడొచ్చావు. ఫోనన్నా చెయ్యలేదే? మజ్జిగ తాగుదువుగాని కూర్చో. మీ దాదీ గారు బాగున్నారా?"

"బాగున్నారండీ ఆంటీ. సుష్మి ఉందాండీ?"

"గదిలో ఉంది వెళ్ళు. రెండ్రోజులుగా దానికి అన్నం సయించటం లేదు. ఏం పోట్లాడుకున్నారర్రా ఇద్దరూ?"

నాజియా నేరుగా గదిలోకి వెళ్ళింది. గోడంతా వాళ్ళిద్దరూ గీసిన కాగితాలే. మగ్గం బొమ్మ ఉంది. ఉల్లి వేలం బొమ్మ ఉంది. పెంటపాడు చేలగట్ల మీద సైకిలు తొక్కే బొమ్మ ఉంది. కొల్లేటి బొమ్మ ఉండాల్సిన చోట నాలుగు గుండుసూదులు మాత్రం ఉన్నాయి.

"ఏదీ ఆ కార్డు?" అంది నాజియా. పలకరింపు కూడా లేదు.

మంచం మీద కూర్చున్న సుష్మిత లేచి నిలబడింది. "తీసేశాను."

"ఎందుకు?"

"చెప్పాను కదే, వద్దని."

"వలల సంగతి నేను చెప్పకముందే వద్దన్నావు. నీకెలా తెలుసు?"

సుష్మిత చేతిలో ఫోను అటూ ఇటూ తిప్పుతోంది. ఆ ఫోనును చూస్తుంటే నాజియాకు ఒళ్ళు మండింది. సంచీలోంచి కవరు తీసి, వల ముక్క తెచ్చి హాల్లో భోజనాల బల్ల మీద పెట్టింది. నీచువాసన హాలంతా పాకింది. పూజగది తలుపు తీసే ఉంది. ఆ సంగతి పెట్టాకగాని ఆమెకు తట్టలేదు. తట్టాక తియ్యడానికి పంతం అడ్డొచ్చింది.

"ఇదే ఆంటీ, పిట్టల్ని పట్టిన వల. ఆ మడుగు దారి తెలిసింది దోనెలో ఉన్నవాళ్ళకే. నేను చెప్పలేదు. ఎవరు చెప్పారో ఈ ఇంట్లోనే తెలియాలి."

పరమేశ్వరి మజ్జిగ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "ఈ ఇంట్లోనా?" అంది మెల్లగా.

"అంకుల్ ఎందుకండీ అన్ని ప్రశ్నలు వేశారు? దోనె లేకుండా దారుందా, ఏ నెలదాకా ఉంటాయని? వట్టినే అడిగారా?"

"నాజియా!" అని గట్టిగా అరిచింది సుష్మిత. "మా నాన్నను అంటావేంటి!"

"ఉండవే" అని కూతుర్ని ఆపింది పరమేశ్వరి. గ్లాసు కిటికీ అరుగు మీద పెట్టి, కుర్చీలో మెల్లగా కూర్చుంది. ఆవిడ గొంతులో కోపం లేదు. అదే నాజియాను ఎక్కువ ఇబ్బంది పెట్టింది.

"వట్టినే అడగలేదమ్మా. నా కోసం అడిగారు. పెళ్ళై ఈ ఊరొచ్చిన దగ్గర్నుంచీ కొల్లేరు కొల్లేరని వింటమే గాని నేను చూసింది లేదు. నాకు నీళ్ళంటే భయం. దోనె ఎక్కలేను. ఈ మోకాళ్ళతో ఎక్కినా దిగలేను. ఆ రోజు ఇంటికొచ్చి ఆయన ఏమన్నారో తెలుసా? 'పరమేశూ, ఆ పిట్టలన్నీ ఒక్కసారి లేస్తే ఆకాశం చిరిగినట్టుందే. నిన్నెలాగైనా తీసుకెళతా, గట్టు మీద కుర్చీ వేసుకు కూర్చుందువుగాని' అన్నారు. దానికే తల్లీ ఆ ప్రశ్నలు."

నాజియా ఆవిడ ముఖంలోకి చూసింది. నిజమే చెబుతోందా? ఈవిడ అబద్ధమాడితే ఇలాగే ఆడుతుందా? అనుమానం పట్టుకున్న మనసు ఏ మాటనూ తిన్నగా లోపలికి పోనివ్వదు. దాన్ని గుమ్మంలో నిలబెట్టి జేబులు తడుముతుంది.

"మరి సుష్మికి ముందే ఎలా తెలుసండీ?" అంది చివరికి.

ఈసారి సుష్మితే చెప్పింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి గాని మాట తొణకలేదు.

"ఫారెస్టు మేడమ్ చెప్పింది. ఎలిజబెత్ అని. దోనెలో ఎవరెవరు వచ్చారో సుందరమ్మ చెబితే, నా నంబరు కనుక్కుని ఫోన్ చేసింది. నా గురించి అడగలేదు నాజీ. నీ గురించి అడిగింది. ఆ పిల్ల ఎలాంటిది, దారి ఎక్కడన్నా రాసి పెట్టుకుందా, ఎవరితోనైనా తిరుగుతుందా అని. నీకు చెప్పొద్దంది. నేనేం చెప్పానో తెలుసా?"

నాజియా తల అడ్డంగా ఊపింది.

"నాజియా అలాంటిది కాదండీ, కావాలంటే నన్ను అనుమానించండి అన్నాను. తర్వాత ఆ బొమ్మ గోడ మీద చూడలేక తీసేశాను. చూడాలా? ఇదిగో." గదిలోకి వెళ్ళి అలమర తలుపు లాగి, చీరల మడతల మధ్యనుంచి కార్డు తెచ్చి బల్ల మీదకు విసిరింది. "నువ్వు మాత్రం నీచు కవరు పట్టుకుని మా ఇంటి మీదకొచ్చావు."

కింద గోదాములో ఎవరో బస్తా దబ్బున దించారు.

సిగ్గుతో నాజియా మెడ వంగిపోయింది. కాని, సిగ్గు కిందే మరో లెక్క నడిచింది. సుష్మిత కాదు. ఆమె తండ్రి కాదు. తను కాదు. మరి?

పరమేశ్వరి లేచింది. కొంగు నడుముకు దోపుకుని, వల ముక్కను రెండు వేళ్ళతో కాదు, అరచేతిలోకే తీసుకుంది. "అమ్మా, నువ్వు ముట్టుకుంటావేంటే!" అంది సుష్మిత.

"పిట్ట ప్రాణం పోయిన చోటు. ఈ మురికితో బల్ల మీద ఉంచుతామా? కడిగి ఇస్తా, తీసుకెళ్ళి చూపించాల్సిన వాళ్ళకు చూపించుకోనీ."

వంటింటి వెనక పంపు కింద పెట్టి నలిపింది. నల్లటి నీళ్ళు కారాయి. బురద పోతున్నకొద్దీ పొగలాంటి సన్నని నైలాను దారాలు బయటపడ్డాయి. గుమ్మంలో నిలబడి చూస్తోంది నాజియా. ఆమె వెనక సుష్మిత, ఫోను చేతిలోనే ఉంది.

"ఇక్కడెక్కడో చిరిగితే ఎవరో బాగుచేశార్రా" అంది పరమేశ్వరి, ముక్కను వెలుతురుకు పట్టుకుని. "ఎంత ముచ్చటగా వేశారో ముళ్ళు! ఇది నైలాను కాదు, నూలు. పచ్చరంగు దారం."

నాజియా ముందుకొచ్చి చూసింది.

బజారులో దొరికే ఆకుపచ్చ కాదది. నీలిలో ముంచి తీసి, దానిమ్మ తొక్కల కషాయంలో మళ్ళీ కాస్తే వచ్చే పచ్చ. తడిసినప్పుడు నల్లబడి, ఎండలో పెడితే లేత చింతాకులా తేలే పచ్చ. తివాచీ అంచులు కుట్టడానికి తంగెళ్ళమూడి మొత్తంలో ఒక్క పెరట్లోనే కాచే రంగు. ఆ పెరట్లో ఆడుకుంటూ ఆమె పెరిగింది. ఆ ముడి కూడా ఆమెకు తెలుసు. ఎడమచేతి వాటం మనిషి వేసే ముడి. ఆ ఇంట్లో ఎడమచేతి వాటం ఒక్కరికే ఉంది.

నాజియా చెయ్యి చాచింది. "ఇవ్వండి ఆంటీ, నేను తీసుకెళతాను."

"ఆరనీ అమ్మా."

"పరవాలేదండీ. ఇవ్వండి."

తీసుకున్న తీరు సుష్మిత చూసింది. ఆ పచ్చదారం ఉన్న వైపు లోపలికి మడిచి పిడికిలి బిగించిన తీరు కూడా చూసింది.

"నాజీ, ఆ దారం నీకు తెలుసు."

"తెలీదు."

"నా మొహం చూసి చెప్పు."

నాజియా ఆమె మొహం చూడలేదు. "సారీ ఆంటీ. అంకుల్‌కు నేను క్షమించమన్నానని చెప్పండి" అంటూ చెప్పులు వేసుకుంది. మజ్జిగ తాగలేదు. మెట్లు దిగుతుంటే వెనక నుంచి సుష్మిత పిలుపు వినిపించింది. కోపంగా కాదు, నమ్మలేనట్టు. ఆగితే చెప్పెయ్యాల్సి వస్తుందని ఆగలేదు.

ఏలూరు చేరేసరికి మధ్యాహ్నం వాలుతోంది. మగ్గాల షెడ్డులో నాన్నమ్మ రహీమున్నీసా ఒక్కతే ఉంది. పూర్తికావచ్చిన తివాచీ మీద వంగి, కత్తెరతో ఊలు సమంగా కత్తిరిస్తోంది. ఎడమచేత్తో.

"వచ్చావా తల్లీ? అన్నం మూతపెట్టి ఉంచాను."

"దాదీ, అంచు దారం ఎవరికన్నా ఇచ్చావా?"

"ఎవరికిస్తాను? నేను కాచేదే పిడికెడు."

నాజియా గుండెలోంచి బరువు దిగబోయింది. ఎవరో దొంగిలించి ఉంటారు. లేదా తనే పొరబడింది. ప్రపంచంలో ఇంకెవరూ పచ్చరంగు కాయరా?

"ఇవ్వలేదు గాని, వాడాను" అంది రహీమున్నీసా, ఊలు దులుపుతూ. "మీ అన్న ఒక వల తెచ్చాడు. గ్రౌండులో పిల్లల క్రికెట్టుకట, బంతి బయటికి పోకుండా కడతారట. మధ్యలో చిరిగిపోయింది, దాదీ కాస్త అతికించిపెట్టు అన్నాడు. ఇంత సన్నని వల బంతినేం ఆపుతుందిరా అన్నాను. నవ్వాడు. కూర్చుని ముళ్ళు వేసిచ్చాను. నా కళ్ళు ఇంకా పనిచేస్తున్నాయా లేదా చూద్దామని." ముసలావిడ ముఖంలో చిన్న గర్వం. "ఏం, తెగిపోయిందా?"

నాజియా పిడికిలిని వీపు వెనక్కి తీసుకుంది.

సల్మాన్! దోనెలో అందరికన్నా వెనక కూర్చున్నవాడు. ఒక్క ప్రశ్నా వెయ్యనివాడు. పిట్టలు లేచినప్పుడు చెల్లెలి భుజం తట్టి, "నీ పుస్తకం అదిరిపోతుందే" అన్నవాడు. ఎవరికోసం చేశాడు? ఎందుకు చేశాడు? చేశాడా అసలు, వలను ఇంకెవరికైనా ఇచ్చాడా? అన్నిటికీ ముందు, నాన్నమ్మ చేతి ముళ్ళు ఈ ముక్కలో ఉన్నాయి. ఇది బయటపెడితే అబ్బాయిరాజు ఇంటికి వస్తాడు. ఆ తర్వాత ఎవరు వస్తారు ఈ షెడ్డులోకి? ఎవరి చేతుల్ని చూపించమంటారు?

సుందరమ్మ కళ్ళు గుర్తొచ్చాయి. తమ్ముడికి పట్టుకెళ్ళిన క్యారేజీ తాకకుండానే వెనక్కి వచ్చిందని చెప్పినప్పటి కళ్ళు.

ఫోన్ మోగింది. తెలియని నంబరు.

"నాజియా గారాండీ? ఫారెస్టు ఆఫీసు నుంచి ఎలిజబెత్ మాట్లాడుతున్నాను. తీరిగ్గా ఉన్నారా?"

"ఉన్నానండీ."

"సుందరమ్మ ఒక మాట చెప్పింది. మేం వలలు తీసుకొచ్చాక కిక్కిసలో ఒక ముక్క మిగిలిందట. అది మీకిచ్చానంటోంది. మీ దగ్గరుందా అమ్మా?"

నాన్నమ్మ కత్తెర పక్కన పెట్టి మనవరాలినే చూస్తోంది. ఏం జరుగుతోందో తెలియని, తెలుసుకోవాలని కూడా అనుకోని, ప్రేమ నిండిన చూపు. ఆ చేతుల మీద ముడతలు, గోళ్ళ సందుల్లో పోని రంగు. నాజియా పిడికిలిలో వల ముక్క తడిగానే ఉంది.

"లేదండీ" అంది.

తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. పొద్దున్నుంచీ ఎవరి మాటలో ఈ అబద్ధపు బొంగురు దొరుకుతుందా అని వెతుకుతూ ఊళ్ళు తిరిగింది.

అవతల కాగితాలేవో సర్దిన చప్పుడు.

"చదువుకునే పిల్లవి. ఒక్కసారి ఆలోచించుకుని చెప్పమ్మా" అంది ఎలిజబెత్. ఆమె గొంతు కటువుగా లేదు. అదే భయపెట్టింది. "మీ ఫ్రెండు ఇందాకే నాకు ఒక ఫొటో పంపింది. కుళాయి దగ్గర తీసింది. వల ముక్క, దాని మీద పచ్చదారం స్పష్టంగా కనిపిస్తున్నాయి. దాని కోసం చాచిన చెయ్యి మీదేనట. సాయంత్రంలోగా మీరే తెస్తారా, మమ్మల్ని రమ్మంటారా?"

అప్పుడే సందులో ఆటో వచ్చి ఆగింది. ఇంజను ఆపుతూ సల్మాన్ ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. ఆటోలోంచి అతనితోపాటు ఇంకొకరు దిగారు.

"అదుగో, వాడే వచ్చాడు" అంది రహీమున్నీసా సంబరంగా. "ఆ వల ఏమైందో వాణ్ణే అడుగు."

ఫోన్ ఇంకా పెట్టెయ్యలేదు. అవతల ఎలిజబెత్ వింటోంది.